బాలచంద్ర తెచ్చిన పాయసం

తిరుమలకు తిరిగే కొత్త బస్సును ఓనరు బాలచంద్రకు ఇచ్చాడు. ఆ సంతోషంలో అతను తోటి డ్రైవరు మునిప్రసాద్‌కు క్యారియరు నిండా గసగసాల పాయసం తెచ్చాడు.

"శనివారం, నాకు ఒక్కపొద్దు. నా వంతు కూడా నువ్వే తాగప్పా."

పాయసం తియ్యగానే ఉంది. మునిప్రసాద్ కడుపుమంట మాత్రం చల్లారలేదు. "బాలచంద్ర గంజాయి తాగతాడు సార్," అని ఓనరుకు ఫోన్ చేశాడు.

మర్నాడు ఓనరు బస్సులన్నీ ఆపి, డ్రైవర్లందరికీ మత్తుమందు పరీక్ష చేయించాడు. దొరికింది మునిప్రసాద్ ఒక్కడే.

"వాని మీద ఫోన్ చేసింది నువ్వు. దొరికింది కూడా నువ్వేనా?" అని అరిచాడు ఓనరు. పక్కనే ఉన్న బాలచంద్ర ఆ మాట విన్నాడు.

"గసగసాలు తిన్నా ఇట్లే వస్తాదంట సార్! నిన్న పాయసం పోసింది వాడే, అడగండి!"

"గసగసాలా?" అన్నాడు బాలచంద్ర నిదానంగా. "నేను తెచ్చింది సేమియా పాయసం సార్."