మాట్లాడే పెట్టె

"ఇదీ వద్దు" అంటూ బావ మూడో పెట్టెను కూడా పక్కకు తోసేశాడు.

బావమరిదికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ ఇదే వరస. చిన్న విమానాలకు రేడియోలూ మీటర్లూ బిగించే దుకాణం అది. కాలిన వైర్ల వాసన, కాఫీ మరకల బల్ల, మూలన చిక్కుపడిన తీగల కుప్ప. అతనికి అక్కడ ప్రతిదీ రోత పుట్టిస్తోంది. అన్నిటికంటే ఎక్కువగా బావ మొహంలోని ఆ నవ్వు.

బావకు సొంతంగా నాలుగు సీట్ల విమానం ఉంది. ఆదివారం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని కొండల అవతలికి ఎగరాలని ముచ్చటపడుతున్నాడు. చుట్టుపక్కల ఎగిరే విమానాలను ముందే పసిగట్టి హెచ్చరించే పరికరం బిగించందే అక్కను ఎక్కనివ్వనని పట్టుబట్టింది బావమరిదే. బావకు అతను ఎదురు చెప్పడం జీవితంలో అదే మొదలు. పద్నాలుగో ఏట నుంచి తనను ఇంట్లో పెట్టుకుని, కన్నకొడుకులా చూసి, పెద్ద చదువు చదివించిన మనిషికి ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు?

అరవై దాటిన షాపాయన ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఈ రకం ఊరికే వింటుంది సార్. అవతలి విమానం తనెక్కడుందో తనే చెప్పుకుంటే సరే, లేకపోతే దీనికి తెలీదు. ఈ రెండో రకం తనే అడుగుతుంది. అవతల జవాబిచ్చే యంత్రముంటే చాలు, తెర మీద చుక్క పెట్టి చూపిస్తుంది."

"తెరలూ చుక్కలూ ఎవడిక్కావాలయ్యా? ఎండ పడితే ఏం కనపడి చస్తాయి? నోటితో చెప్పేది లేదా?"

"ఇదే చెప్తుంది సార్. కాకపోతే తెర కూడా చూస్తూ ఉండాలి."

షాపాయన మీట నొక్కాడు. పెట్టెలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. "ట్రాఫిక్. రెండు గంటల దిక్కు. ఒక మైలు." విమానం ముక్కును పన్నెండు అనుకుంటే గడియారంలో రెండు ఉండే వైపు, అంటే ముందు కుడిపక్కన అని దాని లెక్క.

బావ మొహం వెలిగిపోయింది. "ఇదిరా పెట్టె అంటే. మీ అక్కకంటే నయం. ఒక్కసారే చెప్పి ఊరుకుంటుంది."

బావమరిది నవ్వలేదు.

"ఒక్క మాట సార్" అన్నాడు షాపాయన. "మన పక్క మైదానంలో మోటారు లేని గ్లైడర్లు ఎగురుతుంటాయి. వాటిలో చాలావాటికి జవాబిచ్చే యంత్రం ఉండదు. వాటి సంగతి ఏ పెట్టే చెప్పదు. అద్దంలోంచి మనమే చూసుకోవాలి."

"చూసుకుంటాంలే."

షాపాయన పెట్టెను బావ వైపు తిప్పాడు. "ఇప్పుడు తెర మీద ఎన్ని చుక్కలున్నాయి సార్?" అన్నాడు, ఏదో మాటవరసకు అడిగినట్టు.

బావ ముందుకు వంగాడు. "ఏముంది, ఓ రెండో మూడో."

ఏడున్నాయి. బావమరిది తల తిప్పుకుని కిటికీ వైపు చూడసాగాడు.

"ఇదే ఖాయం చెయ్" అన్నాడు బావ. "నా లైసెన్సూ, విమానం కాగితాలూ అన్నీ ఈ ఫైల్లో ఉన్నాయి, నంబర్లు రాసుకో. ఒరేయ్, నేను మీ అక్కకు ఫోన్ చేసొస్తాను." గుమ్మం దగ్గర మెట్టుందని చూసుకోక తూలాడు. తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, తనలో తానే నవ్వుకుంటూ బయటికెళ్ళాడు.

షాపాయన ఫైలు తిరగేశాడు. ఒక కాగితం దగ్గర ఆగి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మెడికల్ సర్టిఫికెట్టండీ. పోయిన నెలదే. కళ్ళు దివ్యంగా ఉన్నాయని రాసిచ్చాడు మహానుభావుడు. ముద్ర అలికేసినట్టుంది, పేరు కూడా తెలీట్లేదు. ఏ గడ్డి తిని పెట్టాడండీ ఈ సంతకం?"

బావమరిది బల్ల మీది కాఫీ మరకను గోటితో గీకసాగాడు.

"మీ అక్కగారు ఎక్కబోతున్నారంటున్నారు. బాధగా లేదా మీకు?"

"బాధ కాదండీ, అసహ్యం. వాడి మొహం చూస్తే వాంతి వచ్చినట్టుంటుంది."

"అంటే, వాడు మీకు తెలుసా?"

"చిన్నప్పట్నుంచీ తెలుసు."

"మరి పోయి నిలదీయకపోయారా?"

"రోజూ నిలదీస్తూనే ఉన్నానండీ. సిగ్గులేని వెధవ. ఇంట్లోవాళ్ళు బతిమాలారంటాడు, ఉప్పు తిన్న ఇల్లంటాడు. ఇంత చదువూ చదివి, ఒక్క అక్షరం నిజం రాయడానికి చెయ్యి రాలేదు."

"అలాంటివాడి చెయ్యి విరగ్గొట్టాలి" అన్నాడు షాపాయన.

"విరగ్గొట్టాల్సిందే" అన్నాడు బావమరిది నెమ్మదిగా. "మీ పెట్టె బాగా చెప్తుందిగా? గట్టిగా వినపడుతుందిగా?"

"పెట్టె కళ్ళకు తోడండీ. కళ్ళు కాదు."

ఇంతలో గుమ్మంలోంచి బావ గొంతు వినిపించింది. "మీ అక్క సరేనందిరా. ఆదివారం పొద్దున్నే బయల్దేరతాం. ఆ ఆర్డరు మీద సంతకం నువ్వే గీకెయ్. నీది నాకు అచ్చొచ్చిన సంతకం."

బావమరిది చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. ముందు చిన్న టార్చిలైటు చేతికి వచ్చింది. దాన్ని లోపలికి నెట్టి పెన్ను తీశాడు. కాగితం వంక సరిగ్గా చూడకుండానే గబగబా గీకి, బల్ల మీద అవతలికి జరిపాడు.

దాన్ని ఫైల్లో పెట్టబోయిన షాపాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆర్డరు కాగితం కింద ఉన్న సంతకమే, మెడికల్ సర్టిఫికెట్ మీద డాక్టరు పేరు దగ్గరా ఉంది.