పళ్ళెంలో మిగిలిన ముక్క

“మన ఆడవాళ్ళలో ఒకతి కడుపుతో ఉంది. ఎవరో నాకు తెలియాలి,” అన్నాడు మేనేజరు తలుపు మూసి.

బల్ల మీద కాగితంలో చుట్టిన టెస్ట్ కిట్ ఉంది. దాని మీద రెండు ఎర్ర గీతలు. సోమవారం ఆడవాళ్ళ బాత్రూము చెత్తబుట్టలో దొరికిందట.

సూపర్‌వైజరు దాన్ని చూసి చూపు తిప్పుకుంది. చేపలు శుభ్రం చేసి డబ్బాల్లో పెట్టే ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళ మీద ఆమెదే పెత్తనం. ముక్కలో వెంట్రుకంత ముల్లు మిగిలినా పట్టేస్తుంది కాబట్టి అందరూ ఆమెను గద్ద అంటారు. వెనకాల మాత్రమే. ఎదురుపడితే అక్కా అనే పిలుస్తారు.

“తెలిస్తే ఏం చేస్తారు సార్?”

“ఏముంది, ఇంటికి పంపేస్తాం. తడి నేల మీద జారిపడితే పూచీ ఎవరిది? ఆ తర్వాత సెలవులంటారు, జీతమంటారు. ఎవరు పడతారమ్మా అదంతా?”

“అడిగితే చెప్పరు సార్.”

“అడగనే అడగను. గుమ్మడికాయల దొంగ తనంతట తనే భుజాలు తడుముకోవాలి.”

అతని పథకం తేలికైనదే. కిందటి నెల ఒక నర్సు వచ్చి భోజనాల గదిలో పటం అంటించి, అందరికీ వివరించి పోయింది. కడుపుతో ఉన్నవాళ్ళు చిన్న చేపలు బాగా ఉడికించుకుని వారానికి రెండుసార్లు తింటే బిడ్డకు మంచిది. సాటి చేపల్ని మింగి బతికే పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది, వాటి జోలికి వెళ్ళొద్దు. పటంలో పెద్ద చేప మీద ఎర్రగా ఇంటూ మార్కు కూడా ఉంది.

“రేపు కంపెనీ తరఫున భోజనం. పెద్ద చేప వేపుడు, తలకొక ముక్క. ఇరవై రెండే వేయిస్తా. ఎవరి పళ్ళెంలో మిగిలితే వాళ్ళే. నోటితో అబద్ధమాడొచ్చు గానీ పళ్ళెంతో ఆడలేరు. నువ్వే వడ్డించు. నీకు పిల్లా పీచూ గొడవ లేదు కాబట్టి నమ్మి చెప్తున్నా.”

పదహారేళ్ళ కాపురంలో ఆ మాట ఆమెకు కొత్త కాదు. తల ఊపింది. కాదంటే రేపు ఆ ఉద్యోగంలో ఇంకొకతి ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పరిస్థితి.

మర్నాడు భోజనాల గదిలోంచి చెత్తబుట్టలు తీయించేశారు. సారు వచ్చి చూసేదాకా ఎవరూ లేవకూడదన్నారు. కిటికీలకు ఈగలు రాకుండా కొట్టిన జాలీ ఉండనే ఉంది. పద్నాలుగేళ్ళు చేపల మధ్య బతికిన గద్దకు ఆ వేపుడు వాసన ఆ రోజు పడలేదు. చేస్తున్న పని అలాంటిది మరి.

“గద్ద చేపలు పంచుతోందేమిటే? సూర్యుడు ఎటు పొడిచాడు ఇవాళ?” అని ఎవరో గొణిగారు. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

చివరి బల్ల దగ్గర ఒక్కతే కూర్చున్న, మూడు నెలల కిందట పెళ్ళయిన పిల్ల ముందు ముక్క అలాగే ఉంది.

“తినవేం?”

“నావల్ల కాదక్కా. పొద్దస్తమానం కోసి కోసి, చేపను చూస్తేనే వాంతికొస్తోంది.”

“నెల తప్పావా ఏంటి?”

“అయ్యో, మొన్నేగా నెలసరి నొప్పని నిన్ను మాత్ర అడిగాను.”

నిజమే, మాత్ర ఇచ్చింది తనే. కానీ మేనేజరు నమ్ముతాడా? కొత్త పెళ్ళికూతురు, ముట్టని ముక్క. అతనికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ పిల్ల జీతంతోనే కాలు విరిగి మంచంలో ఉన్న మొగుడికి మందులు వస్తున్నాయి.

ఊరుకుంటే చాలు. మేనేజరుకు ఒక పేరు దొరుకుతుంది. వెతుకులాట అంతటితో ఆగిపోతుంది.

“కళ్ళు మూసుకుని మింగవే తల్లీ,” అంది గద్ద.

ఆ పిల్ల నోట్లో పెట్టుకోబోయి, ఓక్ మని, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడయింది. మేనేజరు మొదటి బల్ల నుంచి పళ్ళేలు చూస్తూ వస్తున్నాడు. ముక్క పారేద్దామంటే బుట్ట లేదు. దాచుదామంటే వాళ్ళ ఏప్రన్లకు జేబులు లేవు. చేపలు ఇంటికి పట్టుకుపోతారని కంపెనీ జేబులే కుట్టించలేదు.

గద్ద గోడ మీది పటం వైపు ఒకసారి చూసింది. నీళ్ళు పోస్తున్నట్టు వంగి, మేనేజరుకు వీపు పెట్టి, ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. నమిలీ నమలకుండా మింగేసింది.

మేనేజరు చివరి బల్ల దాకా వచ్చి ఖాళీ పళ్ళేన్ని చూసి మొహం ముడుచుకున్నాడు. “ఒక్కరూ వదల్లేదే.”

“కంపెనీ పెట్టిన తిండి సార్, ఎవరొదులుతారు?”

“మరి ఆ కిట్ ఎవరిది?”

“సోమవారం మెషిన్లు కడగడానికి బయటి ఆడవాళ్ళు వచ్చారుగా సార్.”

ఆ మాట అతనికి తట్టనే లేదు. తల గోక్కున్నాడు. “సరేలే. నువ్వు తిన్నావా?”

“ఇరవై రెండే అన్నారుగా సార్.”

అతను వెళ్ళాక పెళ్ళికూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. “నీ మేలు మర్చిపోనక్కా.”

“ముందు పనికి పో. ముల్లు మిగిలిందంటే ఊరుకోను.”

గద్ద గబగబా బయటికి నడిచింది. “చూశావా, ఆ పిల్ల ముక్క కూడా లాక్కుని తినేసింది,” అంది వెనకనుంచి ఒకావిడ.

గద్ద బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పింది.

గొంతులో వేళ్ళు పెట్టుకుని తిన్నదంతా కక్కి, సోమవారం ఆ రెండు ఎర్ర గీతలు చూసుకుని ఏడ్చిన చోటే నిలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఈ ఒక్కసారికి అమ్మను క్షమించు నాన్నా,” అంది.