తలో చెయ్యి

ఆగిపోయిన మినీబస్సును పాతికమంది తోస్తున్నా అంగుళం కదలడం లేదు.

"నాలుగడుగులు తొయ్యండయ్యా, ముందంతా పల్లమే," అని డ్రైవరు మొత్తుకుంటున్నాడు.

"పదింటికి నా ఇంటర్వ్యూ. గట్టిగా తొయ్యండి," అంది ప్రయాణికుల్లో ఒకామె, పక్కనున్న భర్తతో.

"ఇంతమంది ఉన్నారుగా, నా బలమొక్కటే తక్కువైందా?" అన్నాడు భర్త, బస్సుకు చేతులు ఊరికే ఆనించి.

ఆమె చుట్టూ చూసింది. ఒక్కరి నుదుటా చెమట లేదు.

"అందరూ పక్కకు తప్పుకోండి. మేమిద్దరమే తోస్తాం."

దాక్కోవడానికి జనం లేకపోయేసరికి అతను నిజంగానే తోశాడు. బస్సు పల్లంలోకి దొర్లింది, ఇంజను అందుకుంది.

వాళ్లు రొప్పుతూ ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. ఆమె సీట్లో కూర్చున్న పెద్దమనిషి, "అందరం తలో చెయ్యి వేశాం కాబట్టి కదిలిందమ్మా," అన్నాడు.

భర్త ఏదో అనబోయాడు.

"ఏమీ అనకండి. ఇందాక మీ పక్కన నిలబడి మీలాగే తోసింది ఆయనే," అంది భార్య.