డేరా ఇంటి అరుగు

తలుపు బయట మళ్ళీ దగ్గు వినిపించింది.

అచ్చాయమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"వచ్చాడే షహజాదీ! వచ్చి కూకున్నాడే సచ్చినోడు!"

"గట్టిగా మాట్లాడొద్దక్కా. పొయ్యి ఆపు."

ఇద్దరూ గోడకి అతుక్కుపోయారు.

దుబాయ్‌లోని డేరా పేటలో, ఒక పాత సందులో, ఒకదాని గోడ ఒకటి పంచుకుని నిలబడ్డ ముసలి ఇళ్ళలో అదొకటి. సముద్రపు రాళ్ళతో కట్టిన మూరెడు మందం గోడలు. పైన గాలిని పట్టి గదుల్లోకి దింపే బురుజు. వీధి వైపు కిటికీ అన్నదే లేదు. తలుపు తీసి లోపలికి వస్తే ఎదురుగా మళ్ళీ గోడే. దాన్ని చుట్టి తిరిగితే గానీ నడవా కనపడదు. ఇంటి ఆడవాళ్ళు దారినపోయేవాళ్ళ కంట పడకూడదని పూర్వం అలా కట్టుకున్నారు.

ఇప్పుడు భీమరాజు అనే మేస్త్రీ ఆ ఇంటిని మొత్తంగా అద్దెకి తీసుకుని, ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి, ఇళ్ళల్లో పనిచేసుకునే ఆడవాళ్ళకి అద్దెకిచ్చాడు.

వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన అచ్చాయమ్మకి ఆ గోడలే దిక్కు. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పోలీసులకి దొరికితే మళ్ళీ అక్కడికే అప్పజెబుతారని ఆమె భయం. ఆ ఇంటి మేడమ్ ఇస్త్రీపెట్టెతో కాల్చిన మచ్చ మోచేతి మీద ఇంకా మానలేదు.

ఆ భయం చాలదన్నట్టు ఎండలు ముదిరినప్పటి నుంచి ఈ ముసలాయన ఒకడు. కాళ్ళదాకా వేలాడే తెల్ల కందూరా వేసుకుని, మధ్యాహ్నం నమాజు కాగానే వస్తాడు. తలుపుకి వీపు పెట్టి వీధి అరుగు మీద కూర్చుంటాడు. మాటా పలుకూ ఉండదు. పని నుంచి ఆడవాళ్ళు ఎవరైనా వస్తే చాలు, మొహం అటు తిప్పేసుకుంటాడు.

"సీఐడీ కాకపోతే మొహం ఎందుకు దాస్తాడక్కా?" అంటుంది షహజాదీ.

షహజాదీది కడప. అరబ్బీ వచ్చు. అందుకని ఆ ఇంట్లో ఆమె చెప్పిందే వేదం.

ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ అచ్చాయమ్మ పిట్టగోడ కంతలోంచి కిందికి చూసింది.

పోలీసు జీపు ఆగింది. ఇద్దరు దిగారు. ముసలాయన లేచి వాళ్ళతో ఏదో చెబుతూ ఈ తలుపు వైపే చెయ్యి చూపించాడు!

అచ్చాయమ్మ మెట్లు దిగిందో, దొర్లిందో ఆమెకే తెలీదు.

"ఇల్లు చూపించేశాడే! అయిపోయాం!"

"ఖలాస్ అక్కా. రేపో మాపో వస్తారు."

ఆ రోజు ఎవరూ రాలేదు. రాకపోయేసరికి భయం ఇంకా పెరిగింది.

మర్నాడు అచ్చాయమ్మ తెగించింది. చేపలు కడిగిన నీళ్ళు బకెట్‌తో మేడ మీదకి మోసుకెళ్ళి అరుగు మీద కుమ్మరించింది. కోనసీమ మనిషి, ఆ నీళ్ళకేం కొదవ?

ముసలాయన వచ్చాడు. అరుగు చూశాడు. తల ఎత్తి పైకి మాత్రం చూడలేదు. ఆ వేళకి సందులో నీడ ఉండేది అరుగు మీదే. దాన్ని వదిలి తలుపు పక్కన ఎండలో నిలబడ్డాడు.

"కదలడేంటే, మొండోడు!"

"రేపు ఇంకా పొయ్యక్కా!"

రోజూ పోసింది. రోజూ నిలబడ్డాడు. చివరికి రావడం మానేశాడు.

"పీడ వదిలింది!" అంది అచ్చాయమ్మ. పారిపోయి వచ్చాక ఆమె మనసారా నవ్వింది అప్పుడే.

ఆ వారమే తలుపు దబదబా మోగింది.

పోలీసులు!

నీళ్ళ డ్రమ్ము వెనక నక్కిన అచ్చాయమ్మని బయటికి లాగారు. షహజాదీ చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఆ ముసలోడే పట్టించాడు కదూ? అడగవే!"

షహజాదీ అరబ్బీలో అడిగింది. ఆఫీసరు నెమ్మదిగా ఏదో చెప్పాడు.

షహజాదీ అచ్చాయమ్మ వైపు తిరిగింది.

"ఏమంటన్నాడే?"

"ఎండదెబ్బ తగిలి మొన్న చనిపోయినాడంట అక్కా."

"ఎవరే?"

"ఆయనే. ఈ ఇల్లు ఆయనదేనంట. ఆడోళ్ళుండే ఇల్లని ఇంటాయన చెప్తే వీళ్ళు గడప తొక్కరంట. తనిఖీకి వచ్చినప్పుడల్లా, 'లోపల నా కూతుర్లుండారు, తలుపు తట్టొద్దండి' అని ఎనక్కి పంపించేసేవాడంట."