మొదటి పేజీలో పేరు

భీమే అనే అమ్మాయి కట్టిన వెబ్‌సైటును కాజెయ్యడానికి ప్రవీణ్‌కుమార్‌కు కావలసింది ఒక్క పాస్‌వర్డ్. దానికోసం అతను పెద్ద ఎత్తులేమీ వెయ్యలేదు. అడిగాడు.

"విత్తనాల పండక్కి ఊరెళ్తున్నావు కదా. నువ్వు లేనప్పుడు ఏదైనా ఆగిపోతే నేను చూసుకోవద్దూ?"

భీమే అతని మొహంలోకి కాసేపు చూసింది.

"గోండీ పేజీ కొంచెం మిగిలింది సార్. అది రాసేసి ఇచ్చి పోత," అంది. మధ్యాహ్నం దాకా కూర్చుని రాసింది. పాస్‌వర్డ్ ఉన్న కాగితం బల్ల మీద పెట్టి సుక్మా బస్సెక్కింది.

ఇనుప గనుల ఊరు కిరండూల్. అక్కడి బజారులో ప్రవీణ్‌కుమార్‌కు ఇంటర్నెట్ సెంటర్ ఉంది. భీమే అందులో రెండేళ్లుగా పనిచేస్తోంది. జనాల ఫారాలు నింపగా మిగిలిన వేళల్లో ఆ అమ్మాయి కట్టింది మామూలు సైటు కాదు. వీడియో గేములు ఆడే గుంపులన్నిటికీ పనికొచ్చే అచ్చు. క్రికెట్ ఆట వాళ్లకైనా, బండ్ల పందెం వాళ్లకైనా అదే. పేరు, రంగులు, నియమాలు మారిస్తే చాలు, సభ్యులతో, పోటీలతో, కబుర్లతో పావుగంటలో కొత్త సైటు లేచి కూర్చుంటుంది. తుపాకుల ఆట వాళ్లు తమను 'దళం' అని పిలుచుకుంటామంటే, ఎందుకొచ్చిన గొడవని భీమే 'జట్టు' అని మార్పించింది. పైగా ఐదు భాషలు: హిందీ, తెలుగు, హల్బీ, దోర్లీ, గోండీ.

సరిగ్గా అలాంటిదే కావాలని రాయ్‌పూర్‌లో ఒక గేముల కంపెనీ ప్రకటన ఇచ్చింది. కొట్లో ఇద్దరూ దాన్ని చూశారు. నెల రోజులు నడిపి చూపించాలి. నచ్చితే కట్టినవాళ్లకు జగదల్‌పూర్‌లో ఉద్యోగం.

ప్రవీణ్‌కుమార్ తండ్రి గవర్రాజు గనిలో డంపర్ నడుపుతాడు. జూన్ ఆఖరుకు రిటైరవుతాడు. ఆపైన గని వాళ్ల క్వార్టరూ, ఆయన పేరు మీదున్న ఈ కొట్టూ రెండూ ఖాళీ చెయ్యాలి. ఉద్యోగం రాకపోతే ప్రవీణ్‌కుమార్ కూడా అనకాపల్లి దగ్గర మొహాలు తెలియని బంధువుల మధ్యకు పోయి బతకాలి.

భీమే పండక్కి పోయిన వారంలో అతను సైటంతా కాపీ చేసుకున్నాడు. వెతికి వెతికి నలభై మూడు చోట్ల ఆమె పేరు తీసేశాడు. గోండీ పేజీలో మాత్రం ఆమె పేరు లేనే లేదు. మొదటి వరుసలో ఉన్నది తన పేరే. రాసింది హిందీ అక్షరాల్లోనే కాబట్టి ఆ మాత్రం పోల్చుకోగలిగాడు. ఊరి పేరు కూడా ఉంది, షట్టరు అన్న మాటతో సహా. కిరండూల్‌లోనే పుట్టి పెరిగినా అతని గోండీ సంతలో చింతపండు బేరం దాటి ఎన్నడూ ముందుకు పోలేదు. యజమానినన్న గౌరవంతో పెట్టిందనుకున్నాడు. పిల్లకు మర్యాద తెలుసని మెచ్చుకుని, ఆ అక్షరాలను ఇంకాస్త పెద్దవి చేశాడు.

సైటు బయటపెట్టిన పది రోజులకే గోండీ పేజీకి జనం విరగబడ్డారు. మిగతా నాలుగు భాషల్లో కలిపి రెండు వందల మంది చేరితే, గోండీలో ఒక్కదాంట్లోనే పద్దెనిమిది వందల మంది చేరారు.

ఆ తర్వాత మనుషులే రావడం మొదలెట్టారు. సుక్మా నుంచి, బీజాపూర్ నుంచి మోటారుసైకిళ్ల మీద వచ్చేవాళ్లు. రీచార్జి చేయించుకోరు, జిరాక్సు తీయించుకోరు. గుమ్మంలో నిలబడి అతన్ని చూస్తారు, పోతారు. నలుగురు కుర్రాళ్లు పక్కన నిలబడి ఫోటో దిగారు. గేములు ఆడే వయసు ఏనాడో దాటిపోయిన ఒక ముసలమ్మ ఇప్పపూల గంప దించి, "ప్రవీణ్‌కుమార్ నువ్వేనా?" అని హిందీలో అడిగింది.

"నేనే."

ముసలమ్మ తల ఊపింది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

"ఊరి కళ్లన్నీ నీ మీదే ఉన్నాయిరా నాయనా," అని తల్లి సూర్యకాంతం ఉప్పూ ఎండుమిరపకాయలతో రోజూ దిష్టి తీసేది.

పండుగ చూసుకుని వచ్చిన భీమే కూడా ఈ రద్దీ గమనించింది.

"ఏంది సార్, ఇంత మంది వస్తున్నరు?"

"పేరు, భీమే. కష్టపడితే పేరు అదే వస్తుంది."

"నిజమే సార్," అని ఆమె ఎవరిదో రేషన్ కార్డు ఫారం నింపుకుంది. సైటు గురించి అడిగితే చెప్పడానికి అతను మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. ఆ అమాయకత్వానికి జాలేసి, ఉద్యోగం రాగానే పాత కంప్యూటర్లలో ఒకటి ఆమెకు ఇచ్చెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

నెల తిరిగింది. జగదల్‌పూర్‌లో కంపెనీ తరఫున రీనా మేడం, మరో ఇద్దరు కూర్చున్నారు. మాటలన్నీ హిందీలోనే సాగాయి. ఆమె లెక్కలు చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"గోండీలో ఇంతమంది ఎలా చేరారు?"

"వాళ్లను వాళ్ల మాటలో పలకరించాలి మేడం. ఆ పేజీ నేనే స్వయంగా రాశాను. గోండీ నాకు తల్లిభాష లాంటిది."

"అయితే మొదటి నాలుగు వరుసలు వీళ్లకు హిందీలో చెప్పండి," అంది పక్కనున్న ఇద్దర్నీ చూపిస్తూ.

ప్రవీణ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "స్వాగతం. ఇది మీ అందరి ఇల్లు. మీ సేవలో ప్రవీణ్‌కుమార్, కిరండూల్."

రీనా ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది.

"మాది బీజాపూర్ దగ్గర పల్లె. మా ఇంట్లో మాట్లాడేది ఇదే," అని, వేలు పెట్టి ఒక్కో వరుసా నింపాదిగా హిందీలో చదివింది. "'ప్రవీణ్‌కుమార్ దీన్ని కట్టలేదు, దొంగిలించాడు. కట్టింది మన పిల్ల. కిరండూల్ బజారులో పసుపు షట్టరు కొట్టు, వీలైతే వెళ్లి మనిషిని చూసి రండి. అతనికి మన మాట రాదు, ఎవరూ చెప్పకండి.'"