బావమరిది కారు

బావమరిది కారులో రాలేదు. అతని కారే లారీ ఎక్కి దర్జాగా వచ్చింది.

"స్టార్ట్ చేస్తే చాలు, ఒకటే నీలం పొగ! నువ్వే చూడాలి బావా."

వరండాలో కుర్చీకి అతుక్కుపోయిన మెకానిక్ తల కూడా తిప్పలేదు. "ఈమధ్యే డ్రైవింగ్ నేర్చుకున్నానన్నావు, అప్పుడే కారా? పొగ వదిలేదాన్ని వెతికి మరీ కొన్న మొనగాడివి నువ్వొక్కడివే."

ఆరు నెలల క్రితం జాకీ జారి ఆయన కుడిచెయ్యి కారు కింద నలిగింది. ఎముకలు అతుక్కున్నాయి, వేళ్లు మాత్రం మొండికేశాయి. పని చెబితేనే దారికొస్తాయి, రోజూ రబ్బరు బంతి నొక్కమన్నాడు డాక్టరు. నేనేమైనా చంటిపిల్లాడినా అని దాన్ని మంచం కిందికి విసిరేశాడు ఈ పెద్దమనిషి. షెడ్డుకు తాళం పడింది. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పేవాడు ఎడమచేత్తో చెంచా పట్టి తింటూ, రోజంతా ఎదురుగోడను చూస్తూ కూర్చున్నాడు. ఆ చెయ్యి ఇక రాదేమోనని లోపల భయం. పైకి మాత్రం అందరి మీదా విసుగే.

"ఆయన్నెందుకురా కదిలిస్తావు?" అంది భార్య గుమ్మంలోంచి. "ఆ గోడకు కాపలా ఎవరు కాస్తారు? వీధి చివర కొత్త మెకానిక్‌కి ఇవ్వు."

"వాడికా? పిస్టన్‌కీ పీపాకీ తేడా తెలీదు వాడికి!"

"తను చెయ్యరు, చేసేవాడి దగ్గరికి పంపరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మీకు తెలిసి మాత్రం ఏం లాభం, పానా పట్టే చెయ్యేదీ?"

కట్టుకున్నది కూడా అంత మాట అనేసిందని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున లేచి పానాల పెట్టె ఈడ్చుకొచ్చాడు.

షెడ్డులో ఒక్క పూటలో ఊడే ఇంజన్ హెడ్డుకు ఇంటి ముందు నాలుగు రోజులు పట్టింది. పానా జారిపోయేది, బోల్టులు దొర్లిపోయేవి. ఆవిడ టీ గ్లాసుతో వచ్చినప్పుడల్లా ఒక చురక అంటించి పోయేది.

"ఊడిందా, ఇంకా బతిమాలుతున్నారా?"

పంతం కొద్దీ ఆయన మరో గంట కూర్చునేవాడు.

వారానికి అరిగిన పిస్టన్ బయటికొచ్చింది. అదృష్టం, సిలిండర్‌లో గీతలు పడలేదు. కొత్త పిస్టన్‌కు రింగులు ఎక్కించబోతే మొదటిదే వేళ్ల మధ్య పుటుక్కుమంది.

"విరగ్గొట్టడానికి చెయ్యి బాగానే పనిచేస్తోందే!" అంది భార్య. "కానివ్వండి. తమ్ముడు ఇంకో నాలుగు సెట్లు తెచ్చిపెట్టాడు. మీ మీద వాడికంత నమ్మకం."

ఆయన పళ్లు నూరాడు. రెండో సెట్టూ విరిగింది. మూడో సెట్టు తీసి, ఊపిరి బిగబట్టి, రింగును కొద్దిగా సాగదీసి గాడిలో కూర్చోబెట్టాడు. తర్వాత రెండో రింగు, మూడో రింగు. అప్పుడు చూసుకున్నాడు, రింగును పట్టుకున్నవి కుడిచేతి వేళ్లే. వణుకుతూనే ఉన్నాయి కానీ చెప్పిన మాట వింటున్నాయి. సంతోషంతో ఆ వేళ్లనే పదేపదే ముడిచి తెరిచాడు. భార్యతో మాత్రం చెప్పలేదు. చెబితే దానికీ ఒక మాట అంటుంది.

పిస్టన్‌ను సుత్తి పిడితో మెల్లగా తట్టి లోపలికి దింపాడు. బోల్టులన్నీ కుడిచేత్తోనే బిగించాడు. ఆదివారం ఉదయం బావమరిదిని పిలిపించి, అతని కళ్ల ముందే తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంది. పొగ లేదు.

"చూశావా?" అన్నాడు భార్యతో, ఆరు నెలల్లో మొదటిసారి నవ్వుతూ. "పానా పట్టే చెయ్యేదీ అన్నావుగా? ఇదిగో!"

ఈసారి ఆవిడ పెదవి బిగబట్టి మొహం పక్కకు తిప్పుకుంది. తిక్క కుదిరిందనుకున్నాడు మెకానిక్. ఇంజన్ ఆపి దిగి, తాళాన్ని కుడిచేత్తో బావమరిదికి అందించాడు.

"ఇక తోలుకుపో. మీ అక్కకు కూడా కనబడాలి, వీధి చివరిదాకా ఒక రౌండు కొట్టి రా."

బావమరిది చెయ్యి చాపలేదు. తాళం వంక చూశాడు, అక్క వంక చూశాడు.

"నువ్వు చెప్పమన్న అబద్ధాలన్నీ చెప్పానక్కా, ఇది నా కారంటే ఇక నమ్మడు," అన్నాడు చివరికి. "నాకు డ్రైవింగే రాదు."