ఆఖరి ఆవిరి యల్మరిది

క్రిస్మస్ ముందు రాత్రి ఆవిరిగదిలో, కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి లేపిన ఆవిరిలో ఇంటిల్లిపాదీ స్నానాలు చేశాక, ఆఖరి ఆవిరి ఆ ఇంట్లో పోయినవాళ్లకి వదిలెయ్యాలి. ఈ మంచుసీమ లాప్‌లాండ్‌లో అది పసిపిల్లాడికైనా తెలుసు.

ఆ రాత్రి చలికి ఉమ్మితే నేల తాకేలోపే గులకరాయి అవుతోంది. ఐలి తన మొగుడు యల్మరి కోసం ఆవిరిగదిలో తువ్వాలు పెట్టి వచ్చింది. మూడేళ్లుగా అతని జాడ లేదు. అతని తమ్ముడు ఎస్కోయే చంపాడని డిటెక్టివ్ తైస్తోకి తెలుసు. శవం దొరక్క ఊరుకున్నాడు. ఈ రాత్రి ఐలి పిలిస్తే వచ్చాడు.

"చచ్చినోడికి స్నానమేంటి వదినా, వేడి దండగ!" అంటూ ఎస్కో బట్టలు విప్పాడు.

"చచ్చాడా? నార్వే పోయాడన్నావుగా?" అన్నాడు తైస్తో.

"నోరు జారింది. ఉరి తీస్తావా ఏంటి?"

నవ్వుకుంటూ ఒక్కడే లోపలికి వెళ్లాడు. నీళ్లు పడి, కాలిన రాళ్లు చుయ్యిమన్నాయి.

"ఎవరది? చాలు, పొయ్యకు!" ఎస్కో గొంతు.

మళ్లీ చుయ్యిమంది.

"పొయ్యొద్దన్నయ్యా! చెప్పేస్తా! పడవల రేవులో, మంచుగడ్డ కింద నీళ్లలోకి నేనే తోశా!"

మూడేళ్లుగా తైస్తో ఎదురుచూసిన మాట అదే. పరిగెత్తి తలుపు లాగాడు. ఆవిరిగది తలుపుకి గడియ ఉండదు. అయినా రాలేదు.

ఐలి నెమ్మదిగా అతని మోచెయ్యి పట్టుకుంది.

"నీక్కావాల్సింది దొరికిందిగా బాబూ. రా, కాఫీ కాచాను. అన్నదమ్ములు వీపులు రుద్దుకోనీ."

లోపల కేకలు సన్నబడుతున్నాయి. తైస్తో తలుపు పిడి వదిలేసి, ఆవిడ వెనకాలే కాఫీకి నడిచాడు.